గార్మెంట్ ఫ్యాక్టరీలో ఎదుగుదల ఉంటుందా, అంతవరకు తట్టుకోవడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంటర్ చదివి, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చి బెంగళూరు బొమ్మనహళ్ళిలో పది నెలలుగా టైలర్‌గా చేస్తున్నారు. చేరిన రోజు నుంచి స్లీవ్ హెమ్మింగ్ (చేతుల అంచు మడిచి కుట్టడం) ఒక్కటే. సూపర్‌వైజర్ గంటగంటకూ వచ్చి అరుస్తాడు. పడుకున్నా చెవుల్లో మెషీన్ చప్పుడే. "ఇందులో ఎదుగూ బొదుగూ ఉందా, ఉంటే అందాకా తట్టుకునేదెట్లా, లేకపోతే మానేసి పక్క ఫ్యాక్టరీకి పోదునా?" అని.

ముందు జవాబు చెప్పేస్తా. ఎదుగుదల ఉంది. అయితే ఏళ్ళు గడిచినందుకు ఎవరూ ఇవ్వరు, చేతిలో ఆపరేషన్లు పెరిగితే వస్తుంది. వచ్చే ఆరు నెలల్లో రెండో మెషీన్ నేర్చుకోండి, అది చేతికొచ్చేదాకా మానకండి. దీనికి ఒక్కటే మినహాయింపు. ఒంటిమీద చెయ్యి వేసినా, వెకిలి మాటలు మాట్లాడినా ఆరు నెలలు కాదు, ఆరు రోజులు కూడా ఆగక్కర్లేదు. దాని సంగతి కింద రాస్తా.

మాది మడకశిర పక్కన పల్లె. 2001లో హోసూరు రోడ్డు మీద ఒక ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరా. తర్వాత టైలర్, ఫ్లోటర్, నాలుగేళ్ళు సూపర్‌వైజర్. ఇప్పుడు ఇంకో చోట ట్రైనింగ్ రూమ్ చూసుకుంటున్నా. అంటే తిట్లు తిన్నదాన్నే, తిట్టినదాన్ని కూడా. రెండోది దాచి రాస్తే ఈ జవాబుకి విలువ ఉండదు కాబట్టి అదీ రాస్తా.

ఒక్క ఆపరేషనే వస్తే ఏమవుతుంది

స్లీవ్ హెమ్మింగ్ మాత్రమే వచ్చిన మనిషిని స్లీవ్ లేని స్టైల్ (బట్ట మోడల్) వచ్చిన రోజు ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియదు. చెకింగ్ టేబుల్ దగ్గర నిలబెడతారు, దారాలు కత్తిరించమంటారు. మనసులో ఏదో తగ్గించినట్టు ఉంటుంది. అదే ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్, సింగిల్ నీడిల్ మెషీన్లు మూడూ వచ్చిన మనిషిని లైన్ మొత్తంలో ఎక్కడ మాల్ ఆగిపోతే అక్కడికి పిలుస్తారు. ఫ్లోటర్ అంటే అదే. ఆమె మీద కూడా అరుస్తారు, అరవరని చెప్పను. కానీ అరిచే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తారు, ఎందుకంటే ఆమె రేపు రాకపోతే రెండు చోట్ల బండిల్స్ (కుట్టాల్సిన ముక్కల కట్టలు) పేరుకుపోతాయి.

మీ ఫ్లోర్‌లో లైన్ చివర బోర్డు మీద గానీ, ఐఈ (ఇండస్ట్రియల్ ఇంజినీర్, టార్గెట్ లెక్కలు కట్టే మనిషి) టేబుల్ మీద గానీ స్కిల్ మ్యాట్రిక్స్ అని ఒక పట్టిక ఉంటుంది. నిలువుగా పేర్లు, అడ్డంగా ఆపరేషన్లు, గళ్ళలో గుర్తులు. చాలామంది అది ఆడిట్ కోసం తగిలించిన కాగితం అనుకుంటారు. సగం నిజమే. అయినా మీ పేరు ఎదురుగా ఎన్ని గళ్ళు నిండి ఉన్నాయో ఈ వారమే చూడండి. గ్రేడ్ మార్చే రోజు ఐఈ తెరిచేది ఆ పట్టికనే. నాకు తెలిసిన ఒకావిడకి ఐదు ఆపరేషన్లు వచ్చు, పట్టికలో మాత్రం రెండేళ్ళుగా ఒక్కటే. ఎవరూ రాయలేదు, ఆమె అడగలేదు.

నేను నేర్చుకున్నది ఎలాగో చెప్తా. మా లైన్లో ధర్మపురి నుంచి వచ్చిన ఒక పెద్ద టైలరమ్మ ఉండేది. ఆమెకి తెలుగు రాదు, నాకు అరవం రాదు, ఇద్దరికీ వచ్చీరాని కన్నడమే. మధ్యాహ్నం అరగంట లంచ్. నేను పది నిమిషాల్లో సంగటి ముద్ద మింగేసి ఆమె ఓవర్‌లాక్ దగ్గరికి పోయేదాన్ని. వారం రోజులు నన్ను కుట్టనివ్వలేదు. దారం ఎక్కించడం మాత్రమే. అందరూ చేసేది పాత దారానికి కొత్తది ముడేసి లాగడం, ముడి సూది దాకా వచ్చాక కత్తిరించి సూదిలోకి పెట్టడం. ఆమె ఆ ముడి పద్ధతి పనికిరాదనేది. దారాలన్నీ పీకేసి, మూత తెరిచి, మొదట్నుంచి ఎక్కించమనేది. కింది లూపర్ (లోపల దారాన్ని ఉచ్చులా తిప్పే భాగం) దగ్గరే వచ్చేది చిక్కు. వేళ్ళు దూరవు, ట్వీజర్ జారిపోతుంది, ఒక్క కొక్కెం వదిలేసినా కుట్టు పడదు. ఎనిమిదో రోజు నాలుగు నిమిషాల లోపల ఎక్కించా. అప్పుడు వేస్ట్ గుడ్డ చేతికిచ్చింది.

ఆ వారం ఎందుకు అంత ముఖ్యమో తర్వాత తెలిసింది. దారం తెగిన ప్రతిసారీ మెకానిక్ కోసం చెయ్యెత్తి కూర్చునే మనిషికి గంటకి పది నిమిషాలు పోతాయి. టార్గెట్ తప్పుతుంది, తిట్లు పడతాయి. చేతులు సరిగ్గానే ఆడుతున్నా తప్పు చేసినట్టు ఉంటుంది. మెషీన్ నేర్చుకోవడమంటే దాని దారం, టెన్షన్, సూది నంబరు, కుట్టు పొడవు కూడా నేర్చుకోవడం. అది వచ్చినవాళ్ళకి సగం భయం తగ్గిపోతుంది.

మీరు అడగొచ్చు, లంచ్‌లో మెషీన్ ముట్టుకోనిస్తారా అని. కొన్ని చోట్ల స్విచ్ ఆపేస్తారు. అలాంటప్పుడు సూపర్‌వైజర్‌ని కాదు, ట్రైనింగ్ రూమ్ వాళ్ళని అడగండి. అదీ లేకపోతే సోమవారం కోసం చూడండి. జీతాలు పడ్డాక వచ్చే సోమవారం సగం మంది ఊళ్ళ నుంచి తిరిగిరారు, లైన్ ఖాళీగా ఉంటుంది. ఆ రోజు "సార్, ఓవర్‌లాక్‌లో కూర్చుంటా, నాకు కొంచెం వస్తుంది" అంటే కాదనే సూపర్‌వైజర్‌ని నేను చూడలేదు.

టార్గెట్ గురించి, అరుపుల గురించి

ఇక మీరు ఎక్కువగా బాధపడుతున్న విషయం. "ఏనమ్మా, నిద్దె మాడ్తా ఇద్దీయా?" (ఏమ్మా, నిద్రపోతున్నావా?) అని రోజుకి పదిసార్లు వింటుంటే ఎంతటివాళ్ళకైనా నేను నిజంగానే పనికిరానేమో అనిపిస్తుంది. నాకూ అనిపించింది. దానికి మందు ఓర్పు అని మీ రూమ్‌లో అక్కలు చెప్పి ఉంటారు. నేను చెప్పేది లెక్క.

ప్రతి ఆపరేషన్‌కి శామ్ అని ఒకటి ఉంటుంది, ఒక పీస్‌కి ఇన్ని నిమిషాలు అని. శామ్ 0.50 అంటే ముప్పై సెకన్లు. గంటకి అరవై నిమిషాలు, అంటే నూటికి నూరు శాతం సామర్థ్యంతో చేస్తే 120 పీసులు. మనుషులు నూటికి నూరు చేయరు, అందుకని 75 శాతం లెక్క వేసి 90 టార్గెట్ పెడతారు. ఇంతవరకు న్యాయమే.

నేను టైలర్‌గా ఉన్నప్పుడు ఒకసారి నా మీద సరిగ్గా ఈ 90 పెట్టారు. అంతకుముందు స్టైల్ గట్టి కాటన్. కొత్తది జారిపోయే రేయాన్, పట్టుకుంటే చేతిలో నీళ్ళలా కదిలిపోతుంది. అంచు రెండుసార్లు మడవాలి, ప్రతి మడతకీ ఆగి సరిచూసుకోవాలి. మూడు రోజులు గంటకి 60 దాటలేదు. మూడు రోజులూ తిట్లే. నాలుగో రోజు నేను చిన్న నోట్‌బుక్‌లో గంటగంటకూ రాసుకున్న లెక్క చూపించి ఐఈ సార్‌ని స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడమని అడిగా. భయంతో గొంతు వణికింది, దాచుకోను. ఆయన పది పీసులకి టైమ్ చూశాడు. సగటున పీస్‌కి 48 సెకన్లు, అంటే 0.80 నిమిషం. అరవైని దానితో భాగిస్తే 75. నూటికి నూరు శాతం చేసినా 75 కన్నా రాదు. నన్ను అడుగుతున్నది 90! పాత స్టైల్ శామ్‌నే కొత్త గుడ్డకి అంటించేశారు. టార్గెట్ 56కి దిగింది. సూపర్‌వైజర్ సారీ చెప్పలేదనుకోండి, వాళ్ళు చెప్పరు కూడా. కానీ ఆ వారమంతా నా మెషీన్ దగ్గర ఆగలేదు.

అందుకని ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. గంటకి ఎన్ని పీసులు, ఎన్ని ఆల్టర్ (తప్పు పడి తిరిగొచ్చిన పీసులు) వచ్చాయి, దారం తెగో కరెంటు పోయో బండిల్ రాకో ఎన్ని నిమిషాలు ఆగారు. ఇంత చాలు. రెండు వారాలయ్యాక చూసుకుంటే రెండింట్లో ఒకటి తెలుస్తుంది. టార్గెట్ తప్పు, లేదా మీ చెయ్యి ఎక్కడో నిదానిస్తోంది. మీ చెయ్యే నిదానిస్తుంటే అదీ మంచిదే, ఎక్కడో తెలుస్తుంది కదా. చాలామందికి కుట్టడంలో కాదు, పీస్ తీసుకోవడంలోనూ పెట్టడంలోనూ టైమ్ పోతుంది. బండిల్ ఎడమవైపు మోకాలి ఎత్తులో ఉంటే చాలు, గంటకి నాలుగైదు పీసులు పెరగడం నా ట్రైనీల దగ్గర ఎన్నిసార్లు చూశానో.

నేను అరిచిన రోజులు

2009లో నన్ను సూపర్‌వైజర్ చేశారు. ట్రైనింగ్ లేదు. శుక్రవారం దాకా టైలర్‌ని, సోమవారం నుంచి ముప్పై ఐదు మందికి మేడమ్‌ని. నాకు తెలిసిన సూపర్‌వైజర్‌గిరీ ఒక్కటే, నా మీద చేసింది. నేనూ అదే చేశా. పైన ప్రొడక్షన్ మేనేజర్ నన్ను మైకులో తిడితే నేను కిందకి దించేసేదాన్ని.

మూడో నెలలో ఒక అమ్మాయి మెషీన్ మీద సూది విరిగింది. సూది విరిగితే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ముక్కలన్నీ ఏరి, రిజిస్టర్‌లో టేప్ వేసి అతికిస్తేనే కొత్త సూది ఇస్తారు. ముక్క దొరక్కపోతే ఆ బండిల్ మొత్తం పక్కన పెట్టేస్తారు. ఆ అమ్మాయికి మొన మాత్రం దొరకలేదు. ముందు రోజే టార్గెట్ గురించి నేను ఆమెను అందరి ముందూ కడిగేశా. ఇప్పుడు ఈ మాట చెప్తే ఏమవుతుందోనని భయపడింది. పక్కనామె దగ్గర సూది అడిగి తీసుకుని కుట్టేసింది. రెండు రోజుల తర్వాత ప్యాకింగ్‌లో మెటల్ డిటెక్టర్ మోగింది. పిల్లల ఫ్రాకులు అవి. అప్పటికే సీల్ వేసిన పెట్టెలన్నీ తిరిగి తెరిచి, ఒక్కో ఫ్రాకునూ మళ్ళీ మెషీన్‌లోంచి పంపించాం. ఆ రాత్రి ఒంటిగంట దాకా నేనూ, ప్యాకింగ్ వాళ్ళూ.

ఆ పెట్టెల మధ్య కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది, ఆ సూది మొనను దాచింది ఆ అమ్మాయి కాదు, నా నోరు. ఇది మీకెందుకు చెప్తున్నానంటే, రేపు మీరు ఆ కుర్చీలోకి వెళ్తారు. వెళ్ళకపోయినా, మీ సూపర్‌వైజర్ పుట్టుకతో రాక్షసుడు కాదని తెలిస్తే ఆ అరుపులు కొంచెం తక్కువ లోతుకి దిగుతాయి. అలాగని అవి సరైనవని కాదు.

ఓర్చుకోకూడనివి

నీళ్ళు తాగకుండా కూర్చోవడం. బాత్రూమ్‌కి పోతే టోకెన్, ఐదు నిమిషాలు దాటితే అరుపు. దాంతో మన ఆడవాళ్ళు నీళ్ళే మానేస్తారు. యూరిన్ ఇన్ఫెక్షన్, తర్వాత జ్వరం, తర్వాత సెలవు, తర్వాత జీతం కోత. టార్గెట్ కోసం మిగుల్చుకున్న పది నిమిషాలు ఇలా తిరిగి పోతాయి. బాటిల్ మెషీన్ పక్కనే పెట్టుకోండి, పోవాల్సి వస్తే పొండి. ఇందులో మొహమాటం వద్దు.

లైంగికమైన మాట గానీ చేత గానీ. 2013 చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు మహిళే ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా, జరిగిన మూడు నెలల లోపల ఇవ్వాలి. కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉంటాయి, ఫోటో తీసి పెట్టుకోండి. తేదీ, టైమ్, అక్కడ ఎవరున్నారు, అన్న మాట ఉన్నదున్నట్టు రాసుకోండి. తెలుగులోనే రాయండి, ఫర్వాలేదు. లోపల దారి మూసుకుపోతే బయట గార్మెంట్ లేబర్ యూనియన్ లాంటి సంఘాలు బెంగళూరులో ఉన్నాయి, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది.

ఓవర్‌టైమ్‌కి మామూలు రేటుకి రెట్టింపు ఇవ్వాలి. "ఇంకో రోజు సెలవు ఇస్తాంలే" అనేది దానికి బదులు కాదు.

డబ్బు సంగతి, నిలదొక్కుకోవడంలో సగం ఇదే

పక్క ఫ్యాక్టరీలో నెలకి ఐదొందలు ఎక్కువిస్తారని మారిపోవాలనుకునేవాళ్ళకి నేను ముందు చెప్పేది పీఎఫ్ గురించి. మీ బేసిక్, డీఏలో 12 శాతం మీ నుంచి, అంతే యజమాని నుంచి. యజమాని ఇచ్చే ఆ 12లో 8.33 పెన్షన్ ఖాతాకి పోతుంది. పదేళ్ళ సర్వీసు నిండితే 58 ఏళ్ళకి నెలనెలా పెన్షన్ వస్తుంది. ఆ పదేళ్ళు ఒకే ఫ్యాక్టరీలో అవక్కర్లేదు. అదే యూఏఎన్ నంబరు (ఫ్యాక్టరీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) మీద పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకుంటూ పోతే కలుస్తాయి. కానీ మానిన ప్రతిసారీ డబ్బూ, పెన్షన్ సొమ్మూ మొత్తం తీసేసుకుంటే లెక్క మళ్ళీ సున్నా నుంచి.

పెనుకొండ నుంచి వచ్చిన ఒకావిడ నాతోపాటే చేరింది. పద్నాలుగేళ్ళలో నాలుగు ఫ్యాక్టరీలు మారింది, మూడుసార్లు మొత్తం తీసేసింది. ఒకసారి కూతురి పెళ్ళికి, ఒకసారి బోరు వేయించడానికి, ఒకసారి ఊరికే. బోరులో నీళ్ళు పడలేదు. ఆమెది తప్పని నేను అనలేను, ఆ రోజు ఆమె దగ్గర వేరే డబ్బు లేదు. కానీ ఇప్పుడు నడుమునొప్పితో మెషీన్ మీద కూర్చోలేక పనిమానేస్తే పెన్షన్ రాదు.

ఈ డబ్బు మన ఆడవాళ్ళకి ఎంత ముఖ్యమో 2016 ఏప్రిల్‌లో ఊరంతా చూసింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం యజమాని వాటాను 58 ఏళ్ళ దాకా తీయకూడదని ఉత్తర్వు తెచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో హోసూరు రోడ్డు మీదా, పీణ్యా వైపూ వేలమంది గార్మెంట్ ఆడవాళ్ళు రోడ్డెక్కారు. ముందు నడిపించిన పెద్ద నాయకుడంటూ ఎవరూ లేరు. నేనూ బొమ్మనహళ్ళిలో నిలబడ్డా. 19నే ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. గొడవల్లో లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు, అది మరిచిపోలేదు. తీసుకునే హక్కు కోసం నిలబడ్డదాన్నే, మీకు తీయొద్దని చెప్తున్నా. నవ్వుకోండి పరవాలేదు.

గ్రాట్యుటీ ఇంకొకటి. ఒకేచోట ఐదేళ్ళు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున వస్తుంది, నెలని 26 రోజులుగా లెక్క కట్టి. బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకుందాం. ఏడాదికి 7,500, ఐదేళ్ళకి 37,500. నాలుగున్నరేళ్ళకి మానేసి ఐదొందల కోసం మారేవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు తీసుకుని పెట్టెలో పెట్టేస్తారు మనవాళ్ళు. మీ జీతంలోంచి పోయేది 0.75 శాతమే, కానీ జబ్బు చేసినప్పుడు ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. కొత్తగా చేరిన వెంటనే కాదు, కొన్నాళ్ళు కట్టి ఉండాలి, మీ పది నెలలకి అది అయ్యే ఉంటుంది. ప్రైవేట్ క్లినిక్‌లో ఇంజెక్షన్ వేయించుకుని జీతం లేని సెలవు పెట్టుకునే బదులు ఒక పూట డిస్పెన్సరీ క్యూలో నిలబడండి. పెద్ద జబ్బయితే రాజాజీనగర్, ఇందిరానగర్ ఆస్పత్రులు ఉన్నాయి.

పనిలో పనిగా ఇంకో మాట. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్ళకి సర్కారు బస్సు ఉచితం, కానీ కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. అనంతపురం ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొట్టేస్తాడు. ఇక్కడే ఉండిపోవాలనుకుంటే చిరునామా మార్చుకోండి. ఊళ్ళో రేషన్ కార్డు, పెన్షన్లు చూసుకుని మాత్రమే సుమా.

ట్రైనింగులు పనికొస్తాయా

మీ ఫ్యాక్టరీలో వారానికి రెండు గంటలు ఏదో క్లాసు పెడుతున్నారనీ, టైమ్ దండగేమోననీ రాశారు. పొండి. గ్యాప్ కంపెనీ 2007లో పేస్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మాట్లాడటం, టైమ్ చూసుకోవడం, డబ్బు లెక్క, ఆరోగ్యం ఇలాంటివి నేర్పుతారు. బెంగళూరు ఫ్యాక్టరీల్లో ఇది ఎంత పనిచేసిందో అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ నైషధం అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్క తీశారు. చీటీ వేసి కొందరిని క్లాసుకి పంపి, కొందరిని పంపకుండా చూశారు. వెళ్ళినవాళ్ళ ఉత్పత్తి పది శాతానికి పైగా పెరిగింది. నలుగురిలో నోరు విప్పడం పెరిగింది. కంపెనీకి పెట్టిన ఖర్చుకి రెండింతలకు మించి లాభం వచ్చింది.

మరి వెళ్ళినవాళ్ళ జీతం? అర శాతం పెరిగింది. అక్షరాలా అర.

ఈ అంకె నేను నా ట్రైనీలందరికీ చెప్తా. క్లాసు మిమ్మల్ని మెరుగు చేస్తుంది, ఆ మెరుగుకి డబ్బు దానంతట అది రాదు. నోట్‌బుక్ పట్టుకుని, స్కిల్ మ్యాట్రిక్స్‌లో నిండిన గళ్ళు చూపించి, గ్రేడ్ మార్చమని హెచ్‌ఆర్‌ని మీరే అడగాలి. అడగడానికి మంచి కాలం ఏప్రిల్‌కి ముందు. కర్ణాటకలో కనీస వేతనంపై డీఏ ఏటా ఏప్రిల్ 1న మారుతుంది, అప్పుడు జీతాల పట్టికలు ఎలాగూ తిరగరాస్తారు. ఒక జాగ్రత్త: డీఏ పెరగడాన్ని "నీకు ఇంక్రిమెంట్ ఇచ్చాం" అని చూపిస్తారు. అది అందరికీ చట్టం ప్రకారం వచ్చేది. గ్రేడ్ పెంపు వేరే.

అడిగిన మొదటిసారి లేదంటారు. ఏమేం వస్తే ఇస్తారో కాగితం మీద రాసివ్వమనండి. మూడు నెలల తర్వాత ఆ కాగితంతోనే పొండి.

సూపర్‌వైజర్ కావడమే ఎదుగుదలా?

కాదు, నా లెక్కలో. మా దగ్గర ఒక ఫ్లోటర్ ఉంది, గోరంట్ల ఆవిడ, పదహారు ఆపరేషన్లు వచ్చు. మూడుసార్లు సూపర్‌వైజర్ పోస్టు ఇస్తామంటే వద్దంది. "ఐదున్నరకి పంచ్ కొట్టి పోతా, బిడ్డకి ట్యూషన్ ఉంది. ఆ రెండువేల కోసం ఎనిమిదింటి దాకా నేనుండలేను" అంది. ఆమెది నూటికి నూరుపాళ్ళు సరైన లెక్క. శాంపిలింగ్ సెక్షన్‌కి పోవచ్చు, అక్కడ పీస్ మొత్తం ఒక్కరే కుడతారు, పని తీరు నేర్చుకోవచ్చు, అరుపులూ తక్కువ. క్వాలిటీ చెకింగ్ ఉంది. మీకు ఇంటర్ ఉంది కాబట్టి ఐఈ దగ్గర డేటా రాసే అసిస్టెంట్‌గా కూడా పోవచ్చు. మీ నోట్‌బుక్కే అక్కడికి దారి. సొంతూరివైపు పోవాలంటే దొడ్డబళ్ళాపురం అప్పారెల్ పార్కు ఉంది, హిందూపురం చుట్టుపక్కలా ఫ్యాక్టరీలు వచ్చాయి. అక్కడ జీతం తక్కువ, కానీ రూమ్ అద్దె మిగులుతుంది. చేతిలో మూడు మెషీన్లుంటే అక్కడ గౌరవంగా పిలిచి కూర్చోబెడతారు.

2020 లాక్‌డౌన్ తర్వాత ఫ్యాక్టరీ తెరిచినప్పుడు మా దగ్గర మూడో వంతు మందినే పిలిచారు. ఎవరిని పిలవాలో లిస్టు తయారుచేసిన నలుగురిలో నేనొకదాన్ని. ఎన్నేళ్ళ నుంచి ఉందని చూడలేదు. ఎంత ఓర్పు గలదనీ చూడలేదు. స్కిల్ మ్యాట్రిక్స్ ముందు పెట్టుకుని, ఎక్కువ గళ్ళున్న పేర్ల నుంచి మొదలుపెట్టాం. పన్నెండేళ్ళుగా కఫ్ ఒక్కటే కుడుతున్న ఒక అక్కకి ఆ లిస్టులో చోటు లేదు. ఆమెకి ఫోన్ చేసి చెప్పింది నేనే.

ఇక మానేయాలా వద్దా. ఆరు నెలలు గడిచి, రెండో మెషీన్ వచ్చి, గ్రేడ్ అడిగి, కాగితం కూడా తీసుకున్నాక కూడా కదలకపోతే మారిపొండి. ఇంకో ఫ్యాక్టరీలో ట్రయల్ కుట్టించుకునేటప్పుడు రెండు మెషీన్లూ చూపించండి, ఏ గ్రేడ్‌లో తీసుకుంటారో ముందే అడగండి, పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి. ఆఖరి రోజు చెప్పా పెట్టకుండా ఆగిపోవద్దు, రాజీనామా రాసి నకలు మీద సంతకం తీసుకోండి. లేకపోతే పీఎఫ్‌లో మానేసిన తేదీ వేయకుండా నెలల తరబడి తిప్పుతారు.

రాత్రి మెషీన్ చప్పుడు వినిపిస్తోందన్నారు. మొదటి ఏడాది నాకూ వినిపించేది, రెండో ఏడాదికి పోయింది. కానీ నిద్రే పట్టకపోతే, తిండి సయించకపోతే, ఏడుపు ఆగకపోతే అది చప్పుడు సంగతి కాదు. ఈఎస్ఐ ఆస్పత్రిలో మనసు డాక్టర్లూ ఉంటారు, దానికీ అదే కార్డు చెల్లుతుంది.

మీ లైన్లో ఇప్పుడు ఏ స్టైల్ నడుస్తోంది, చేతికందే దూరంలో ఏ మెషీన్లున్నాయి అన్నది కింద రాయండి. షర్ట్ లైనయితే ఒకటి ముందు నేర్చుకోవాలి, టీషర్ట్ లైనయితే ఇంకొకటి. చూసి చెప్తా. ఆదివారం తప్ప రోజూ రాత్రి తొమ్మిది తర్వాత ఇక్కడ చూస్తా.